గూటి కింద చప్పుడు

ఆ ఏడాది చలికాలంలో ఆరెండ్‌కాప్ కొండ మీది నల్లగద్దల గూట్లో రెండు గుడ్లూ పిల్లలయ్యాయి. వారం తిరక్కుండానే పెద్ద పిల్ల చిన్నదాన్ని పొడిచి పొడిచి చంపేసింది. తల్లి పక్కనే కూర్చుని మాంసం చీలుస్తూ ఉండిపోయింది తప్ప తల తిప్పి చూడలేదు. నల్లగద్దల్లో అది ఎప్పుడూ జరిగేదే. కానీ ఎక్కడెక్కడి దేశాల నుంచో గూటి దగ్గరి కెమెరా ద్వారా ఇంటర్నెట్‌లో చూస్తున్నవాళ్లు తట్టుకోలేకపోయారు. అది పొడుస్తున్నన్నాళ్లూ, ఎవరైనా వెళ్లి ఆ చిన్నదాన్ని కాపాడండి, మీకు మనసులు లేవా అని రాశారు. వాళ్లందరికీ కూర్చుని జవాబులు రాసింది కెఫిల్వే. అందరికీ ఒకటే జవాబు: మేం చూడటానికి ఉన్నాం, చెయ్యి పెట్టడానికి కాదు.

ఆ మాట నిజానికి లౌరెన్స్‌ది. లౌరెన్స్ టెర్‌బ్లాన్స్ టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. తాళ్లు కట్టుకుని ఆ కొండ అంచు మీదకి దిగి, గూటికి ఎదురుగా బండలో మేకులు దిగ్గొట్టి, కెమెరా, మైకు బిగించింది ఆయనే. లోయకి ఇవతలి గట్టున రేకుల గది ఒకటి కట్టి, అందులో కంప్యూటరు, టీ కెటిలు, రస్కుల డబ్బా పెట్టాడు. జీతాలు లేవు. ఇష్టమున్నవాళ్లు వస్తారు, వంతులేసుకుని కూర్చుంటారు, కెమెరా తిప్పుతారు, గద్దలు కుందేల్ని తెచ్చాయో, బండల్లో తిరిగే డాసీ అనే చిన్న జంతువుని తెచ్చాయో రాసిపెడతారు, చూసేవాళ్ల ప్రశ్నలకి జవాబులిస్తారు.

కెఫిల్వే కాగిసో ఊళ్లో పిల్లలకి భూగోళం చెప్పిన టీచరు. ఒకసారి పిల్లల్ని తీసుకుని ఆ కొండకి వచ్చింది. పిల్లలు గోల చేసుకుంటూ వెళ్లిపోయారు గానీ, లౌరెన్స్ దుర్బిణిలో ఆ తల్లిగద్దని చూసిన టీచరమ్మ మాత్రం మళ్లీ వారం ఒంటరిగా వచ్చింది. రిటైరయ్యాక పొద్దుటి వంతు ఆమెదే అయిపోయింది. మొదట్లో ఆయన్ని 'మీరు' అనేది. నన్ను ఇంకా ముసలాణ్ణి చెయ్యకమ్మా తల్లీ అని ఆయన గొడవ పెడితే 'నువ్వు'లోకి దిగింది.

"ఇవాళ తండ్రిగద్ద డాసీని తెచ్చిందని రాశావు. అది డాసీ కాదు, కుందేలు," అనేవాడు.

"తల లేకుండా తెస్తే నాకెలా తెలుస్తుంది?"

"కాళ్లు చూడాలి టీచరమ్మా. పిల్లలకి ఏం చెప్పావో ఏమో నలభై ఏళ్లు."

"నదులు, కొండలు చెప్పాను. కుందేలు కాళ్లు సిలబస్‌లో లేవు."

ఇలా గడిచిపోయేది. ఆమె మాత్రం ఒక్క సంగతి ఆయనకి ఎన్నడూ చెప్పలేదు. ఆ కొండ కింద ఉన్న పాత బంగారు గనిలోనే ఆమె భర్త బెఖుముజి, ఆమె పిలుపులో బెఖీ, పనిచేశాడు. పెళ్లయిన ఎనిమిదో ఏట గనిలో పైకప్పు కూలింది. బెఖీతో పాటు ఇంకొందరు లోపలుండిపోయారు. వెళ్లి తీయడం కుదరదని గనివాళ్లు ఆ సొరంగానికి అడ్డంగా సిమెంటు గోడ కట్టేశారు, గేటు దగ్గర ఒక రాయి మీద పేర్లు చెక్కించారు. ఆ తర్వాత గని కూడా మూతబడింది. గద్దల కోసమే కొండకి వస్తున్నానని కెఫిల్వే అందరికీ చెప్పేది. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

చిన్న పిల్ల చచ్చిపోయిన కొన్నాళ్లకి, ఒక పొద్దుట, తల్లిగద్ద లేని సమయంలో, గూట్లో పిల్ల తెల్లటి నూగుతో దూదిపింజలా ముడుచుకుని పడుకుని ఉంది. కెఫిల్వే చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని టీ తాగుతోంది. మైకులో గాలి హోరు. ఆ హోరు అడుగున ఇంకేదో వినిపించింది.

ఇనుము మీద ఇనుముతో తడుతున్న చప్పుడు. మూడు దెబ్బలు. ఆగి, రెండు. మళ్లీ మూడు. ఆగి, రెండు.

ఆమె టీ కప్పు పక్కన పెట్టేసింది.

ఆ దెబ్బలు ఆమెకి తెలుసు. గనిలో లిఫ్టులాంటి బోనెక్కినవాళ్లు పైవాళ్లకి గంట కొట్టి చెప్పే సైగ అది: మనుషులున్నాం, పైకి లాగండి అని. బెఖీ డ్యూటీ దిగి ఇంటికొచ్చి తలుపు అలాగే కొట్టేవాడు. "తలుపు తియ్యవే, మనిషి పైకొచ్చాడు," అనేవాడు. చుట్టుపక్కల వాళ్లంతా నవ్వేవారు.

కెఫిల్వే ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. గదిలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ పెట్టుకుంది. మూడు. ఆగి, రెండు.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారో తెలుసు. పాపం ముసలావిడ, మొగుడు పోయిన కొండకి ఎదురుగా కూర్చుని కూర్చుని మతి చలించింది అంటారు. ఆమే ఆ మాట తనకి తాను చెప్పుకుంది. ఇంటికెళ్లి తలకి నూనె రాసుకుని, నిద్రమాత్ర వేసుకుని పడుకుంది.

మర్నాడు ఎప్పటికన్నా ముందే వచ్చింది. చప్పుడు ఉంది.

ఆ తర్వాతి రోజుల్లో కెఫిల్వే ఏం చేసిందో ఎవరికీ తెలియదు. ఆమె ఆ చప్పుడుతో కాపురం చేసింది. పొద్దున్నే వచ్చి, గది తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. తండ్రిగద్ద ఏం తెచ్చిందో రాయడం మర్చిపోయేది. పిల్ల పెరుగుతోందో లేదో కూడా సరిగ్గా చూసేది కాదు. "వచ్చావా," అనేది మెల్లగా. "మోకాళ్లు నొప్పులు బెఖీ, లేకపోతే నేనే వద్దును. మీ అన్న ఇంకా బతికే ఉన్నాడు. మన ఇంటి వెనక పీచ్ చెట్టు కొట్టేశారు." చప్పుడు ఆగేది, మళ్లీ మొదలయ్యేది. ఆమెకి భయం వెయ్యలేదు. ఇన్నేళ్లకి ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టుండేది.

అలా ఎన్నాళ్లు సాగేదో గానీ, హెల్వీ అనే ఆవిడ వల్ల ఆగింది. ఫిన్లాండ్‌లో మంచం పట్టిన ముసలావిడ హెల్వీ. కిటికీ అవతల మంచు, ఇవతల కంప్యూటరు, అందులో ఈ గూడు. అదే ఆవిడ లోకం. రోజూ పలకరిస్తూ ఏదో ఒకటి రాసేది. ఆ రోజు ఇలా రాసింది: టీచర్, నాలుగు రోజులుగా అడుగుదామనుకుంటున్నాను. అక్కడ తలుపు కొడుతున్నదెవరు?

కెఫిల్వే ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివింది. తన ఒక్కదానికే వినిపిస్తోందనుకున్నన్నాళ్లూ అది బెఖీ. ఎక్కడో మంచుదేశంలో ఉన్న ముసలావిడకి కూడా వినిపిస్తోందంటే, అక్కడ నిజంగా ఎవరో ఉన్నారు. ఊపిరితో ఉన్నవాళ్లు. కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నవాళ్లు. తనేమో టీ తాగుతూ వాళ్లతో పీచ్ చెట్టు కబుర్లు చెప్పింది.

వెంటనే లౌరెన్స్‌కి ఫోన్ చేసింది.

"మైకులో ఏదో చప్పుడొస్తోంది. విన్నావా?"

ఒక్క క్షణం ఆగి అన్నాడు. "తీగ ఊడినట్టుంది. గాలికి బండకి కొట్టుకుంటోంది. చూస్తాలే."

మర్నాడు ఆమె వచ్చేసరికి చప్పుడు సన్నబడిపోయింది. చూస్తే మైకు శబ్దం తగ్గించి ఉంది. ఆ గదిలోనే కాకుండా ఆ మీట లౌరెన్స్ ఇంట్లో కూడా ఉంది. ఆమె శబ్దం పెంచింది, కోటు వేసుకుంది, గదికి తాళం వేసి లోయలోకి దిగింది.

కొండ అడుగున, గనిలోకి గాలి కోసం ఎప్పుడో తవ్విన కంత ఒకటి ఉంది. దాని మూతి మీద కొత్త కాంక్రీటు. ఇంకా తెల్లగా మెరుస్తోంది. చుట్టూ లారీ చక్రాల గుర్తులు. అక్కడి నుంచి కాస్త దూరం నడిస్తే రేకుల ఇళ్ల వాడ. మూతబడ్డ గనుల్లోకి దొంగచాటుగా దిగి బంగారం గీకి తెచ్చుకునే జామా జామాలు ఉండేది అక్కడే. వాళ్ల ఇళ్లవాళ్లు ఉండేదీ అక్కడే. వాడ మొదట్లోనే పొయ్యి పెట్టుకుని మగ్విన్యాలనే పిండి బోండాలు వేయిస్తున్న మనిషి ఒకామె కనిపించింది. పక్కదేశం లెసోతో వాళ్ల దుప్పటి భుజాల మీద కప్పుకుని, పిన్నీసుతో బిగించుకుంది. పేరు డినెయో.

"ఎన్ని కావాలి?" అంది తలెత్తకుండా.

"తినడానికి రాలేదమ్మా. ఒక మాట అడుగుదామని."

"పోలీసుల తాలూకానా?"

"టీచర్ని. రిటైరయ్యాను."

"టీచర్లు కూడా చాడీలు చెప్తారు. మా ఊళ్లో టీచరే చెప్పేవాడు అందరికన్నా ఎక్కువ."

"మీ ఆయన కింద ఉన్నాడా?"

"మా ఆయన డర్బన్‌లో ఉన్నాడు." గరిటెతో ఒకటి తిరగేసింది. "ఎవరడిగినా అదే చెప్తాను. అలవాటైపోయింది."

"ఆ కంత ఎవరు మూశారు?"

డినెయో అప్పుడు తలెత్తింది. కళ్ల కింద నల్లగా వలయాలు. "గని కంపెనీ గార్డులు. లారీతో వచ్చి పోసేశారు. కింద మనుషులున్నారు, ఆగండి అని మేం ఆడవాళ్లం అడ్డం పడ్డాం. ఉంటే దొంగలే కదా, ఇంకో కంత చూసుకుని వస్తారులే అన్నారు. ఇంకో కంత లేదమ్మా. ఉంటే ఈపాటికి వచ్చేవాళ్లు. పిండి, చేపల డబ్బాలు కాస్త తీసుకెళ్లారు. అవి ఎప్పుడో అయిపోయుంటాయి."

"నాకు కింద నుంచి చప్పుడు వినిపిస్తోంది," అంది కెఫిల్వే.

డినెయో చేతిలో గరిటె ఆగిపోయింది. నూనెలో మగ్విన్యాలు నల్లబడి మాడిపోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఇద్దరూ కలిసి పోలీసు స్టేషన్‌కి వెళ్లారు. కౌంటరు దగ్గరున్న అతను విన్నాడు, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "గద్దల కెమెరాలో మనుషులు కొడుతున్నారంటారు."

"అవును."

"గనిలో మనుషులుంటే దొంగతనం కేసు రాయాలి. లేకపోతే అసలు కేసే లేదు. ఏది రాయమంటారు?" గనివాళ్లకి కబురు పెడతానన్నాడు. పెట్టాడో లేదో తెలియదు. ఎవరూ రాలేదు.

మర్నాడు పొద్దున కెఫిల్వే గదిలో కూర్చుని గూటి వైపు చూసింది. తల్లిగద్ద పిల్లని రెక్కల కింద పొదువుకుని ఉంది. ఆదివారం ఆ పిల్లకి పేరు పెట్టే పండగ. వేలమంది ఓట్లు వేస్తున్నారు. ఆమె మీట మీద చెయ్యి వేసి, కెమెరాని గూటి మీద నుంచి మెల్లగా కిందికి తిప్పింది. బండ, పొద, మళ్లీ బండ, కొండ అడుగున తెల్లటి కాంక్రీటు మూత. అక్కడ ఆపింది. మైకు శబ్దం ఎంత పెరుగుతుందో అంతా పెంచింది. కింద రాసింది: మీరు వింటున్నది గాలి కాదు. ఈ మూత కింద మనుషులున్నారు. మేం చెప్తే ఎవరూ వినలేదు. మీరు చెప్పండి.

మొదట తిట్లు వచ్చాయి. గూడేదీ, పిల్లేదీ అని. తర్వాత ఒక్కొక్కరే మాటలు ఆపి వినడం మొదలుపెట్టారు. మూడు, ఆగి రెండు. తెలియని ఊళ్ల నుంచి తెలియని మనుషులు గనిశాఖకి, పత్రికలకి, రాయబార కార్యాలయాలకి ఫోన్లు చేశారు. హెల్వీ మంచంలో నుంచే ఎంతమందిని లేపిందో లెక్కలేదు.

మధ్యాహ్నం అవుతుండగా లౌరెన్స్ బండి ఆగిన చప్పుడైంది. లోపలికి వచ్చి టోపీ తీశాడు. మొహం ఎర్రగా ఉంది.

"కెమెరా తిప్పు టీచరమ్మా."

"తిప్పాను కదా."

"గూటి మీదకి తిప్పు."

"కింద మనుషులున్నారు లౌరెన్స్."

"తెలుసు," అన్నాడు.

ఆమె కుర్చీలో ఇటు తిరిగింది. "శబ్దం తగ్గించింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పట్నుంచి విన్నావు?"

"నీకన్నా ముందు నుంచే." గోడకి ఆనుకున్నాడు. "పనిచేసుకుంటున్నారనుకున్నాను. రాయి కొట్టుకుంటున్నారనుకున్నా. కింద వాళ్లుంటారని ఎవరికి తెలియదు? పోలీసులకి చెబితే తుపాకులేసుకుని వస్తారు, పొగ పెడతారు, లారీలు తిప్పుతారు. పిల్ల చూస్తే ఇంత ఉంది. అక్టోబరులో ఎగిరిపోయాక చెబుదామనుకున్నా."

"రాయి కొట్టేవాడు లెక్కపెట్టి కొడతాడా?"

ఆయన చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు: "మిషన్లొస్తే తల్లి గూటి మీదకి దిగదు. ఈ చలిగాలికి ఆ పిల్ల రెండు రోజులు ఆగదు. అది తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే చేశావు."

"మా ఆయన ఈ కొండ కిందే ఉన్నాడు," అంది కెఫిల్వే. "ఇరవయ్యేడేళ్లయింది. పైకి తియ్యలేదు. గోడ కట్టేశారు."

లౌరెన్స్ గోడ నుంచి ఇవతలికి జరిగాడు. "ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పలేదే."

"నువ్వు అడగలేదు. నీ నోరు తెరిస్తే గద్దలే కదా."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండో జత ఇయర్‌ఫోన్లు తీసి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఇక కెమెరా సంగతి ఎత్తలేదు. సాయంత్రం మొదటి టీవీ బండి వస్తే, కంత దగ్గరికి ఏ దారిన వెళ్లాలో దగ్గరుండి చూపించింది ఆయనే.

మర్నాటికి యంత్రాలు వచ్చాయి. కాంక్రీటు పగలగొట్టే మోతకి లోయంతా దద్దరిల్లింది. తల్లిగద్ద గూటి మీద నుంచి లేచి, కొండపైన తిరిగి తిరిగి, దిగబోయి, మళ్లీ లేచిపోయింది. తండ్రిగద్ద తెచ్చిన డాసీని ఎక్కడో అవతలి శిఖరం మీద వదిలేసింది. లౌరెన్స్ కెమెరాని గూటి మీదకి తిప్పాడు. ఈసారి కెఫిల్వే అడ్డు చెప్పలేదు. ఎవరో ఒకరు చూడాలి కదా అన్నాడు. దక్షిణం నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. పిల్ల తల ఎత్తి కాసేపు అరిచింది, తర్వాత అరవడం మానేసింది. రెండో రోజు మధ్యాహ్నానికి కదలిక ఆగింది. ఆయన లేచి కెటిలులో నీళ్లు పోశాడు, స్విచ్ వెయ్యకుండానే టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

అదే మధ్యాహ్నం క్రేను బుట్ట మొదటి మనిషిని పైకి తెచ్చింది. సాయంత్రానికి ఏడుగురు వచ్చారు. ఎముకల మీద మట్టి పూసినట్టున్నారు. వెలుతురు పడక చేతులు అడ్డం పెట్టుకుంటుంటే, ఆ చేతులకే బేడీలు వేశారు. ఆ తర్వాత దుప్పట్లలో చుట్టి తెచ్చినవి శవాలు. డినెయో ఒక్కో బుట్ట వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ఏడో మనిషి ఆమె భర్త త్సెలీసో.

ఆసుపత్రిలో మంచానికి కాలు గొలుసు వేసి, గుమ్మం దగ్గర పోలీసుని పెట్టారు. కొన్నాళ్లకి డినెయో వచ్చి, మా ఆయన మిమ్మల్ని చూడాలంటున్నాడమ్మా అని కెఫిల్వేని తీసుకెళ్లింది. కాపలా పోలీసుకి మగ్విన్యాల పొట్లం ఇచ్చి లోపలికి వెళ్లారు. త్సెలీసో గొంతు ఇంకా గుసగుసలాగే ఉంది. కెఫిల్వే చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

"మీరు మాకోసం అన్ని రోజులు కొడుతూనే ఉన్నారు కదమ్మా. చెయ్యెలా ఆడింది మీకు?" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. "నేను కొట్టడమేమిటి నాయనా. కొట్టింది మీరు. మేం విన్నాం."

త్సెలీసో పెళ్లాం వంక చూశాడు. మళ్లీ ఈమె వంక చూశాడు. "మేం కొట్టలేదు," అన్నాడు. "మేమున్నది చాలా కింద, నీళ్లున్న చోట. కొట్టడానికి చేతుల్లో ఏముంది? దీపాలు పోయాయి. ఏ పక్క పైకో తెలియదు. చావడానికే కూర్చున్నాం. అప్పుడు వినిపించింది. మూడు, ఆగి రెండు. పైనుంచి ఎవరో దారి చెప్తున్నారనుకున్నాం. దాని వెంటే పాక్కుంటూ వచ్చాం. మేం ఆగితే అదీ ఆగేది. మేం కదిలితే మళ్లీ కొట్టేది. పక్కకి పోతే సన్నబడేది. ఎన్ని రోజులు పాకామో నాకు తెలియదు."

"ఎక్కడిదాకా?"

"కంత అడుగుదాకా. అక్కడ ఇనప గొట్టం ఒకటుంది, గోడలోంచి వస్తుంది. పాత సిమెంటు గోడ. గొట్టం మీద చెయ్యి వేస్తే దెబ్బ దెబ్బకీ అదిరేది. గోడ ఇవతల మేం తప్ప ఎవరూ లేరు. కొట్టేది అవతలి నుంచి. ఎవరయ్యా అని అరిచాం. పలకలేదు. పైన మీవాళ్లు కాంక్రీటు పగలగొట్టడం మొదలెట్టాక ఆగిపోయింది."

"ఆకలికి ఏవేవో వినపడతాయి," అంది డినెయో, దుప్పటి సర్దుతూ.

"ఏడుగురికీ ఒక్కలాగే వినపడుతుందా?" అన్నాడు అతను. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

కెఫిల్వే అతని చెయ్యి వదల్లేదు. ఆ గోడ ఎవరు కట్టారో, దాని వెనక ఎవరున్నారో అతనికి చెప్పలేదు. బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోతే, డినెయో దుప్పటిలో నుంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది.

ఇక ఆ తర్వాత జరిగినవి త్వరగా చెప్పుకోవచ్చు. బతికినవాళ్లని కోర్టుకి తిప్పి, చివరికి వాళ్ల వాళ్ల దేశాలకి పంపేశారు. డినెయో కూడా పొయ్యి, గిన్నెలు మూటకట్టుకుని లెసోతో వెళ్లిపోయింది. గద్దలు ఆ గూటికి మళ్లీ రాలేదు. పిల్లని చంపింది నువ్వే అని కెఫిల్వేకి చాలామంది రాశారు. ఆమె జవాబు రాయలేదు. లౌరెన్స్ ఫోన్ ఎత్తడం మానేశాడు. రేకుల గదికి తాళం పడింది.

కంతని మళ్లీ మూసేస్తారని, ఈసారి పైదాకా రాళ్లతో నింపేస్తారని వసంతంలో తెలిసింది. కెఫిల్వే బెఖీ సొంతూరు నొంగోమాలో ఉన్న బావగారికి ఫోన్ చేసి, విన్నదంతా చెప్పింది. ఆయనకి ఎనభై దాటాయి. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అప్పట్లో గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశారమ్మా నన్ను," అన్నాడు చివరికి. "లోపలికి రానిస్తే అప్పుడే తెచ్చుకునేవాళ్లం. ఇన్నేళ్లూ వాడు బయటే ఉండిపోయాడు. నేను లేవలేను. నువ్వు తీసుకురా. ఎలాగో తెలుసు కదా?"

తెలుసు. ఎక్కడో పోయినవాళ్ల ఆత్మని ఇంటికి తెచ్చుకోవాలంటే, అడవి రేగు కొమ్మ ఒకటి కోసి, పోయినచోట నేలకి తాకించి, ఇంటిపేరుతో పిలిచి, రా ఇంటికి పోదాం అనాలి. కొమ్మ పట్టుకున్న మనిషి దారిలో ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. వాడితోనే మాట్లాడాలి. నది వస్తే నది వచ్చిందని, మలుపు వస్తే మలుపు వచ్చిందని చెప్పాలి, లేకపోతే తప్పిపోతాడు. వాడికి కూర్చోవడానికి సీటు ఉంచాలి.

కెఫిల్వే లౌరెన్స్ ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. ఆయన గడ్డం పెరిగిపోయి ఉంది.

"రేగు కొమ్మ కావాలి," అంది. "ముళ్లవి. నీకు చెట్లన్నీ తెలుసు కదా."

ఎందుకని అడగలేదు. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. "లోయలో వాగు పక్కన ఒకటుంది," అన్నాడు. "ఎంత దూరం తీసుకెళ్లాలి?"

"నొంగోమా."

"టాక్సీల్లో మారి మారి వెళ్తావా? నోరు విప్పకుండా? ఆ టాక్సీవాళ్లు నీ చేత మాట్లాడించకుండా ఊరుకుంటారా?" లోపలికి వెళ్లి బండి తాళాలు తెచ్చుకున్నాడు. "నేను తీసుకెళ్తాను."

"దారిలో నువ్వు కూడా మాట్లాడకూడదు."

"ఎక్కడిదాకా?"

"నొంగోమా దాకా."

లౌరెన్స్ కాసేపు ఆలోచించాడు. "అది కష్టమే," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే కంత దగ్గరికి వెళ్లారు. కాపలా గార్డు ముందు గేటు తియ్యనన్నాడు. తర్వాత ఆమె చేతిలో కొమ్మ చూశాడు. టోపీ తీసి పక్కకి జరిగాడు. కెఫిల్వే మోకాళ్ల మీద కూర్చుని కొమ్మని కంత అంచుకి ఆనించింది. లోపలి నుంచి చల్లటి, తడి మట్టి వాసన వేసే గాలి పైకి వస్తోంది. ఇంటిపేరుతో పిలిచింది. తాతల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. "బెఖీ, నేను," అంది. "లే, ఇంటికి పోదాం. మీ అన్న ఎదురుచూస్తున్నాడు."

పైకి లేవబోతే కొమ్మ ఎక్కడో తట్టుకున్నట్టు ఆగింది. ముల్లు దేనికో పట్టుకుందనుకుని వంగి చూసింది. అక్కడ రాయి తప్ప ఏమీ లేదు. కాసేపు అలాగే ఉంచి, ఇంకోసారి పిలిచింది. అప్పుడు వచ్చింది.

బండిలో ముందు మూడు సీట్లు. మధ్య సీటు మీద లౌరెన్స్ శుభ్రమైన తువ్వాలు పరిచాడు. కెఫిల్వే కిటికీ పక్కన కూర్చుని, కొమ్మ తలని ఆ తువ్వాలు మీద ఆనించి, మొదలు ఒళ్లో పట్టుకుంది. బండి కదిలింది.

"ఇది కాగిసో రోడ్డు. నీకు తెలిసిందే," అంది కొమ్మతో. "ఇప్పుడు పెద్దది చేశారు." స్టాండర్టన్ దగ్గర వంతెన మీద, "వాల్ నది దాటుతున్నాం, జాగ్రత్త," అంది. దారిలో పచ్చిక మీద ఏదో పక్షి లేస్తే లౌరెన్స్ నోరు తెరిచి, ఆమె వంక చూసి, మూసుకున్నాడు. పెట్రోలు బంకులో కుర్రాడు కిటికీ దగ్గరికి నవ్వుతూ వచ్చి, మధ్య సీటు చూసి నవ్వు ఆపేశాడు. ఏమీ అడక్కుండా ట్యాంకు నింపి, అద్దం మాత్రం మూడుసార్లు తుడిచి పంపాడు. వ్రైహేడ్ దాటాక కొండలు మొదలయ్యాయి. మలుపు మలుపుకీ చెప్తూ వచ్చింది. గొంతు బొంగురుపోయింది. చెయ్యి బరువెక్కి భుజం దాకా లాగేస్తోంది. రెండు వేళ్లతో కోసిన కొమ్మ అది, ఇంత బరువెందుకుందో ఆమె ఆలోచించలేదు. నల్ల మ్ఫొలోజీ నది దగ్గర, "ఇక్కడ ఈత నేర్చుకున్నానని చెప్పేవాడివి," అంది. "ఇంకెంతో లేదు."

పొద్దు వాలుతుండగా ఇంటి ముందు బండి ఆగింది. బావగారు కర్ర పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వెనక మనవలు, కోడళ్లు, ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన కెఫిల్వేని పలకరించలేదు, లౌరెన్స్‌ని చూడలేదు. నేరుగా కొమ్మ వంక చూసి, "వచ్చావురా," అన్నాడు. "పద, లోపలికి పద. చాలా ఆలస్యం చేశావు." రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. తీసుకోగానే ముందుకి తూలాడు. ఇద్దరు మనవలు వచ్చి పట్టుకున్నారు.

కెఫిల్వే చెయ్యి దానంతటది పైకి లేచింది. అరచేతిలో ముళ్లు దిగిన చోట నెత్తురు చుక్కలున్నాయి. లోపల గుడిసెలో కొత్త చాప పరిచి, కొమ్మని దాని మీద పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టారు. ఆమె వెళ్లి చాప పక్కన కూర్చుంది. ఇక మాట్లాడొచ్చమ్మా అని ఎవరో చెప్పారు. ఆమెకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

బయట ఎవరో లౌరెన్స్‌కి పళ్లెంలో పాప్ అనే మొక్కజొన్న సంగటి, మాంసం పెట్టి ఇచ్చారు. ఆయన గుడిసె గుమ్మం దాకా వచ్చి, ఒకసారి లోపలికి చూసి, నోటి మీద వేలు పెట్టుకుని, నేనూ మాట్లాడొచ్చా అన్నట్టు కళ్లతో అడిగాడు. కెఫిల్వే తలూపింది. ఆయన ఏమీ మాట్లాడకుండానే గుమ్మం పక్కన నేల మీద కూర్చుని సంగటి కలుపుకున్నాడు.